చదివాను, చాలా బాగుంది

సక్కుబాయి పుస్తకం అచ్చవుతోందన్న కబురు విన్నరోజు భ్రమరాంబ పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. విశ్వేశ్వరరావు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, భార్య ముఖం చూసి, మారుమాట్లాడకుండా మింగి, మజ్జిగ పోసుకున్నాడు. ఇంతకాలం కాపురం చేసినవాడికి ఆ మాత్రం తెలియదా!

ఒళ్లు మండదూ మరి? రాసేదెవరు, అచ్చయ్యేదెవరిది? భ్రమరాంబ పెళ్లికి ముందునుంచీ కథలు రాస్తోంది. భీమవరంలో ఉండగా వారపత్రికల్లో తన పేరు చూసుకుని మురిసిపోయిన మనిషి. భర్తకి టెలిఫోన్స్ ఆఫీసులో బదిలీ అయి హైదరాబాదు వచ్చి, మదీనాగూడలో బొంబాయి రోడ్డుకి లోపలగా ఈ మేడమీది వాటాలో కిరాయికి దిగాక కూడా కలం వదల్లేదు. అచ్చయిన కథలు కత్తిరించి అంటించి, అచ్చుకానివి గుండ్రటి చేతిరాతతో సాపు చేసి, అన్నీ ఒక నీలం ఫైల్లో పెట్టుకుంది. పుస్తకానికి పేరు కూడా ఎప్పుడో పెట్టేసింది, 'వాన వెలిసిన వాకిలి' అని. ఆ ఫైలుకి నకలు లేదు. బీరువాలో నగలపెట్టె పక్కన కాదు, నగలపెట్టె కింద పెట్టేది దాన్ని. దొంగ వచ్చినా నగలు తీసుకుని పోతాడని ఆవిడ లెక్క. ఆ కథలు పుస్తకమై చేతికొస్తే చాలు, జీవితంలో ఇంకేమీ అడగననుకునేది.

ఇక సక్కుబాయి ఎవరో కాదు, కింది వాటాలో ఉండే ఇంటావిడ. మొగుడు నర్సింహది రాయదుర్గం. మాదాపూర్ గుట్టల మధ్య అద్దాల టవరు లేచి, దాని చుట్టూ రోడ్లు పడేసరికి వాళ్ల మెట్ట చెలకలు మంచి ధరకి పోయాయి. ఆ డబ్బుతో ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. సక్కుబాయి పదో తరగతితో చదువు ఆపేసింది. మధ్యాహ్నం పూట గిన్నెడు పాలో, కొంగునిండా అనపకాయలో పట్టుకుని పైకొచ్చి, కొత్త కథ ఏమైనా రాశావా అక్కా అని అడిగి గోడకి చేరగిలబడేది. భ్రమరాంబ చదివి వినిపించేది. సక్కుబాయి కళ్లార్పకుండా వినేది. నవ్వాల్సినచోట నవ్వేది, ఏడవాల్సినచోట ముక్కు చీదేది, నాలుగు రోజుల తర్వాత బట్టలు ఆరేస్తూ, ఆ కథలో పిల్ల తర్వాత ఏమైంది అని అడిగేది. రాసేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి.

వినగా వినగా ఆమెకీ రాయాలని బుద్ధి పుట్టింది. ఒకనాడు కొంగుచాటున కొన్ని కాగితాలు తెచ్చి సిగ్గుపడుతూ ఇచ్చింది. భ్రమరాంబ ఎర్రపెన్ను తీసి, మొదటి పేజీలో 'గట్ల' ఉన్నచోటల్లా 'అలా' అని రాసి, 'బర్రె'ని కొట్టేసి 'గేదె' చేసి, రెండో పేజీ తిప్పకుండానే తిరిగిచ్చేసింది. ముందు భాష నేర్చుకో, రాయడం సంగతి తర్వాత చూద్దాం అంది. కటువుగా కాదు, ముద్దుగానే అంది. దీనికెలాగూ రాదులే అన్న ధీమాలోంచి వచ్చిన ముద్దు అది.

ఆ సక్కుబాయికి పుస్తకం! ఎలాగంటారా? టవరుకి దగ్గర్లో నర్సింహ చిన్నాయన కొడుకు ఒక బిల్డింగు కట్టి కిరాయికిచ్చాడు. అందులో 'విశ్వాక్షరి ఇంటర్నేషనల్' అని ఒక ప్రచురణ కంపెనీ దిగింది. దాని మేనేజరు బుల్లిబాబు పాలకొల్లు వైపు మనిషి. నర్సింహ ఏదో పనిమీద అక్కడికి పోతే, మాటల్లో మాటగా ఇంట్లో ఆడమనిషి కథలు రాస్తుందన్నాడు. అంతే, ఆ బుల్లిబాబు కుర్చీలోంచి లేచి చేతులు పట్టుకున్నాడట. ఈ మట్టిలోంచి పుట్టిన రచన కోసమే తాము వెతుకుతున్నామన్నాడట. అచ్చు ఖర్చు కొంత రచయిత్రి పెట్టుకుంటే అమ్మకాల్లో వచ్చేస్తుందన్నాడట. పెళ్లాం పేరు పుస్తకం మీద చూసుకోవాలన్న ముచ్చటలో నర్సింహ ఇంకేమీ అడగలేదు.

ఆవిష్కరణ సభ చందానగర్‌లో ఫంక్షన్ హాల్లో జరిగింది. మన సభల సంగతి తెలిసిందేగా. వేదిక మీద పుస్తకాలకి మెరుపు కాగితం చుట్టి, ఎర్ర రిబ్బను కట్టి, పళ్లెంలో పెట్టారు. ముఖ్య అతిథి రిబ్బను విప్పి, కాగితం చింపి, అట్ట కెమెరా వైపు తిప్పి పట్టుకున్నాడు. వరసలో ఉన్నవాళ్లంతా అలాగే పట్టుకున్నారు. ఫోటో అయ్యాక పుస్తకాలు టేబుల్ మీద పెట్టి ఉపన్యాసాల్లోకి దిగారు. ఒకాయన ఇది మట్టివాసన అన్నాడు, ఇంకొకాయన జీవనది అన్నాడు. అట్ట మీద 'గోకుడు బండ' అని పేరు, వెనక సక్కుబాయి ఫోటో. నర్సింహ తెల్లచొక్కా నలిగిపోయేదాకా హాలంతా తిరిగి, లగ్నపత్రికలు పంచినట్టు ప్రతి చుట్టం చేతిలో ఒక పుస్తకం పెట్టాడు. ఉక్కపోతకి అందరూ దాంతోనే విసురుకున్నారు.

భ్రమరాంబ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. చేతులు కొడుతున్నాయి గానీ కడుపులో పెనం కాలుతోంది. సక్కుబాయి భుజాలమీద శాలువా కప్పుతుంటే, అది తన ఒంటిమీంచి లాగి కప్పుతున్నట్టే అనిపించింది ఆవిడకి. ఇల్లు వాళ్లది, పొలాలమ్మిన డబ్బు వాళ్లది, గేదె వాళ్లది, పాలు వాళ్లవి. సరే, దేవుడిచ్చాడు. కథలొక్కటీ నావి కదా, అవి కూడా కావాల్సొచ్చాయా దీనికి? ఇదీ ఆవిడ గుండెలో మాట. సక్కుబాయి వేదిక దిగి తిన్నగా వచ్చి, నువ్వే నాకు రాసుడు నేర్పినవక్కా అంటూ మొదటి ప్రతి ఆవిడ చేతిలో పెట్టి కాళ్లకి దణ్ణం పెట్టబోయింది. భ్రమరాంబ నవ్వి, భుజం తట్టి, ఇంటికొచ్చి ఆ పుస్తకాన్ని బీరువాలో పట్టుచీరల అడుగున తోసేసి తాళం తిప్పింది. కనీసం అట్ట కూడా తెరవలేదు. తెరిస్తే కళ్లు పోతాయన్నంత కసి.

వారం తిరక్కుండానే సక్కుబాయి పైకొచ్చింది. చేతిలో పాలగిన్నె లేదు. గుమ్మంలోనే నిలబడి, పుస్తకం చదివావా అక్కా అని అడిగింది.

"చదివాను, చాలా బాగుంది," అంది భ్రమరాంబ, తడుముకోకుండా.

సక్కుబాయి ఆవిడ ముఖంలోకి అదోలా చూసింది. "ఏ కత మంచిగున్నదక్కా?"

"అన్నీ బాగున్నాయి. ఏదని చెప్పను?"

సక్కుబాయి తలూపి, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత మధ్యాహ్నాలు రావడం మానేసింది. చూశారా, అప్పుడే ఎంత పొగరెక్కిందో అని భర్త దగ్గర మొదలుపెట్టింది భ్రమరాంబ. పొగిడితే చాల్లేదు కాబోలు, కథకథకీ విడివిడిగా హారతి పట్టాలి కాబోలు, పెద్ద రచయిత్రి అయిపోయింది కదా, మనం ఎందుకు కనబడతాం. విశ్వేశ్వరరావు పేపరు చదువుకుంటూ ఊఁ కొట్టాడు. నిజానికి సక్కుబాయి లేని మధ్యాహ్నం ఆవిడకి కొట్టొచ్చినట్టు తెలిసేది. కొత్త కథ మొదలుపెట్టి, వినిపించడానికి మనిషి లేక, సగంలో ఆపేసింది. దానిక్కూడా సక్కుబాయి మీదే కోపం వచ్చింది.

చివరికి ఒకరోజు మంచి చీర కట్టుకుని, ఆటో మాట్లాడుకుని, భ్రమరాంబే విశ్వాక్షరి ఆఫీసుకి వెళ్లింది. దారిపొడుగునా బండలు పేలుస్తున్న దుమ్ము. లోపల మాత్రం చల్లటి ఏసీ, అద్దాల తలుపులు, కంప్యూటరు తెరమీద అటూ ఇటూ ఈదుతున్న రంగురంగుల చేపలు. బుల్లిబాబు ఎదురొచ్చి, కుర్చీ లాగి, మంచినీళ్లు తెప్పించి, మీది భీమవరమా అండీ, మన పక్కే అన్నాడు. ఆవిడ చూపించడానికి తెచ్చిన కథలో అరపేజీ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నిజం చెప్పమంటారా అమ్మా? ఆ సక్కుబాయిగారి పుస్తకం ఏదో వేశాం, మొహమాటం. సాహిత్యం అంటే ఇదండీ," అన్నాడు.

ఆ ఒక్కమాటకి భ్రమరాంబ కరిగి నీరైపోయింది. బుల్లిబాబు చెప్పుకుపోయాడు. ఇంటర్నెట్‌లో పెడతారట, దేశదేశాల తెలుగువాళ్లు చదువుతారట. ఈ ఏడాదికి ఇంక ఒక్క పుస్తకానికే చోటుందట, దానికోసం ఎవరో రిటైర్డ్ ఆఫీసరు సోమవారం వస్తానన్నాడట. అసలు కాగితాలే కావాలట, నకలైతే కంప్యూటరులో ఎక్కించేవాళ్లకి అక్షరాలు తెలియవట. ఖర్చులో భాగం ముందే కట్టాలట. భ్రమరాంబ అడగాల్సినవి బోలెడున్నాయి. పుస్తకాలు అమ్ముకునేవాడు తన డబ్బు తను పెట్టుకోకుండా నన్నెందుకు పెట్టమంటున్నాడని అడగొచ్చు. ఎన్ని వేస్తారు, ఏ షాపుల్లో దొరుకుతాయి, నా ఫైలు ఎప్పుడు తిరిగిస్తారు అని అడగొచ్చు. ఆవిడ అడిగింది మాత్రం ఒక్కటే, సభ సక్కుబాయి సభ కంటే పెద్దదిగా చేస్తారా అని. బుల్లిబాబు రెండు శాలువాలు కప్పిస్తానన్నాడు.

డబ్బుకేం, చీటీ పాడింది. విశ్వేశ్వరరావు నసిగాడు. కోఠీలో పుస్తకాల షాపులున్నాయి కదా, వీళ్లు వేసిన పుస్తకం ఒక్కటైనా అక్కడ ఉందేమో కనుక్కొస్తానన్నాడు. పోనీ కిందికెళ్లి సక్కుబాయినే అడుగు, ఆమె పుస్తకాలేమైనా అమ్ముడుపోయాయో లేదో చెబుతుంది కదా అన్నాడు. కనీసం లింగంపల్లిలో జిరాక్స్ తీయించుకుని ఇవ్వమన్నాడు. భ్రమరాంబ ఇంతెత్తున లేచింది. ఆ మనిషి దగ్గరికెళ్లి నేను సలహా అడగాలా, పుట్టి బుద్ధెరిగాక ఇంత మాట పడలేదు, మీరు జిరాక్సులనీ కోఠీలనీ తిరిగేలోపు ఆ ఆఫీసరు చోటు కాజేస్తే మీరిస్తారా అని కడిగేసింది. ఆయన మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.

సోమవారం పొద్దున్నే నీలం ఫైలు చంకలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే, వాకిట్లో మిరపకాయలు ఎండబెడుతున్న సక్కుబాయి లేచి ఎదురొచ్చింది. లోపల తలుపు దగ్గర నర్సింహ తన అన్నతో మాట్లాడుతున్నాడు. అన్నదమ్ములంతా పెళ్లాం పుస్తకానికి పైసలు తగలేశాడని నర్సింహని ఎగతాళి చేసినవాళ్లే. సక్కుబాయి ఒకసారి లోపలికి చూసి గొంతు తగ్గించింది.

"అక్కా, గా ఫైలు ఆడ ఇయ్యకు."

"ఏం, ఎందుకివ్వకూడదు?"

ఆమె కాసేపు కొంగు నలుపుకుంది. "నా నోటితోని చెప్పలేనక్కా, శరమైతున్నది. నా పుస్తకం ఒక్కపారి తెర్వు. తెరిచినంక పో."

భ్రమరాంబకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకా పొగడాలన్నమాట! చదివానని చెప్పానుగా, ఎన్నిసార్లు చదవమంటావు అంది.

"నువ్వు తెర్వలే అక్కా," అంది సక్కుబాయి మెల్లగా.

దొరికిపోయిన మనిషికి వచ్చే కోపం మామూలు కోపం కాదు. భ్రమరాంబ ఫైలుని గుండెకి ఆనించుకుని, వాకిట్లో అందరికీ వినబడుతుందన్న వెరపు కూడా లేకుండా అంది. "లోకంలో నీకొక్కదానికే పుస్తకం ఉండాలా సక్కుబాయ్? నాకొస్తుంటే ఎందుకంత కుళ్లు?"

సక్కుబాయి ఒక అడుగు వెనక్కి వేసింది. మిరపకాయల మీద కాలు పడిందని కూడా చూసుకోలేదు. భ్రమరాంబ గేటు తీసుకుని వెళ్లి ఆటో ఎక్కింది. దారంతా, తనని చూసి సక్కుబాయి ఏడుస్తోందన్న ఊహ చల్లగా హాయిగా ఉంది. బుల్లిబాబు రెండు చేతులా ఫైలు అందుకున్నాడు.

తొలకరి పడ్డాక ఒక శనివారం సాయంత్రం సభ చేశారు. అదే హాలు, అదే మెరుపు కాగితం, అదే ఎర్ర రిబ్బను. రెండు శాలువాలు కప్పారు, మాట తప్పలేదు. పుస్తకాలు సభ మొదలవుతుండగా వచ్చాయి. వేదిక మీద తన ప్రతిని భ్రమరాంబ తెరిచి చూసుకుంది. తెరవకేం? లోపల పేరుంది, భర్తకి రాసిన అంకితం ఉంది, తొలి కథ మొదటి వాక్యం ఉంది. ఆ వాక్యాన్నే మళ్లీ మళ్లీ చదువుకుంటూ, మధ్యమధ్య తలెత్తి సక్కుబాయి కోసం చూసింది. సక్కుబాయి వెనక వరసలో ఒక్కతే కూర్చుని ఉంది. ముఖం పీక్కుపోయి ఉంది. ఆ ముఖం చూశాక భ్రమరాంబకి శాలువా ఇంకాస్త వెచ్చగా అనిపించింది. ఇంటికొచ్చాక చుట్టాలకి వంటలు, కబుర్లు, పంపకాలు. పుస్తకం దిండు పక్కన పెట్టుకుని పడుకుంది.

మర్నాడు ఆదివారం పొద్దున్నే కూరగాయల సంచీతో సీతారామాంజనేయులుగారు వచ్చారు. విశ్వేశ్వరరావుకి పై ఆఫీసరు ఆయన, లింగంపల్లిలో ఉంటాడు. ఆయనకొక జబ్బుంది, చేతికొచ్చిన అచ్చు కాగితాన్ని చివరిదాకా చదివేదాకా వదలడు, పకోడీల పొట్లం అయినా సరే. నిన్న సభలో ఇచ్చిన పుస్తకం మొత్తం రాత్రే చదివేశానని కాఫీ తాగుతూ అన్నాడు. భ్రమరాంబ కొంగు సర్దుకుని స్టూలు మీద కూర్చుంది.

"ఆ బండ కథ ఉందే, తల్లీ, కళ్లు చెమర్చాయి. మీది భీమవరం కదా, ఈ ఊరివాళ్ల మాట అంత సహజంగా ఎలా పట్టుకున్నారండీ? మొదటి కథ పరవాలేదు గానీ, దీనిముందు ఎందుకూ పనికిరాదు," అన్నాడాయన.

భ్రమరాంబకి ఏమీ అర్థం కాలేదు. తను బండ గురించి ఏ కథా రాయలేదు.

ఆయన కాస్త తటపటాయించి, తెలియనివాడిలా కనబడటం ఇష్టంలేక గొంతు సవరించుకున్నాడు. తర్వాతి పేజీలన్నీ అజీర్తికి వాము కషాయం, పార్శ్వపు నొప్పికి శొంఠి పట్టు, పిల్లల నులిపురుగులకి వేపచిగురు అని వచ్చాయి, అది ఆధునిక ప్రయోగమాండీ అని మర్యాదగా అడిగాడు.

భ్రమరాంబ లోపలికి పరుగెత్తి దిండు పక్కనున్న పుస్తకం తెచ్చి పేజీలు తిప్పింది. తన తొలి కథ కొన్ని పేజీలు నడిచి, ఒక వాక్యం మధ్యలో తెగిపోయింది. పక్క పేజీలో 'గోకుడు బండ' అని మొదలైంది. అది అయిపోయాక ఇక చివరి అట్టదాకా గృహవైద్యమే. బీరువా తీసి, పట్టుచీరలన్నీ మంచం మీదికి లాగేసి, అడుగునున్న సక్కుబాయి పుస్తకం తీసింది. తెరుస్తుంటే కొత్త బంక పెళపెళమంది. సక్కుబాయి పేరు, ఆమె మొదటి కథ 'గోకుడు బండ', ఆ తర్వాత అవే కషాయాలు, అవే పట్లు. ఎక్కడో తూకానికి కొన్న పాత పుస్తకాల కాగితాలకి ముందు నాలుగు కొత్త కాగితాలు కుట్టి, పైన కొత్త అట్ట వేసి ఇచ్చారు. సక్కుబాయి పుస్తకానికి అచ్చేసి మిగిలిపోయిన కాగితాలు కూడా పారేయకుండా భ్రమరాంబ పుస్తకంలో కుట్టేశారు. మహా పొదుపరి బుల్లిబాబు! అట్ట కెమెరాకి చూపించి పక్కన పెట్టే జాతి మనదని వాడికి బాగా తెలుసు. మట్టివాసన అన్నాయనా తెరవలేదు, జీవనది అన్నాయనా తెరవలేదు, హాలునిండా విసురుకున్న చుట్టాలూ తెరవలేదు. అందరూ చదివాం, చాలా బాగుందన్నారు.

తెరవమని సక్కుబాయి బతిమాలింది కదా. వాకిట్లో నిలబడి బతిమాలింది కదా.

ఇంత అర్థమయ్యాక కూడా, చెబితే నమ్మరు, భ్రమరాంబని ముందుగా పొడిచిన ముల్లు ఫైలు కాదు. ఎందుకూ పనికిరాదు అన్న సీతారామాంజనేయులుగారి మాట. తన పేరుమీద అచ్చయిన పుస్తకంలో బాగున్న కథ సక్కుబాయిది! మంచం మీద చీరల మధ్య కూర్చుని, తప్పెక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటూ ఆ కథ చదివింది. రాయదుర్గంలో ఒక బర్రె. మేత నుంచి వస్తూ రోజూ ఒక బండకి వీపు గోక్కుంటుంది. తరతరాల బర్రెలు గోక్కుని ఆ బండ నున్నగా అయింది. రోడ్డు కోసం ఆ బండని పేల్చేస్తారు. బర్రె మర్నాడు కూడా వస్తుంది. లేని బండకి వీపు ఆనించబోయి పక్కకి తూలుతుంది. మళ్లీ లేచి నిలబడి, మళ్లీ ఆనిస్తుంది. ముసలమ్మ దూరంనుంచి చూస్తూ, దాన్ని కొట్టి తోలుకురావడానికి చెయ్యి రాక అలాగే కూర్చుంటుంది. అంతే కథ. తప్పు దొరకలేదు. 'బర్రె' అన్నచోట 'గేదె' అని పెట్టి చూసుకుంది మనసులో. కథ చచ్చిపోయింది. ఇలాంటిది నేను ఏ జన్మకీ రాయలేను అనుకుంది, అనుకుని భోరుమంది.

విశ్వేశ్వరరావు కిందికెళ్లి నర్సింహకి సంగతి చెప్పాడు. ఇద్దరూ స్కూటరు మీద బుల్లిబాబు ఆఫీసుకి పోయారు. అద్దాల తలుపుకి తాళం. కంప్యూటర్లు లేవు, బోర్డు లేదు. కిరాయి ఎగ్గొట్టి పోయాడని నర్సింహ చిన్నాయన కొడుకు కూడా నెత్తి కొట్టుకుంటున్నాడు. నీలం ఫైలు ఊసే లేదు. నర్సింహ ఇంటికొచ్చి వాకిట్లో నిలబడి, ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదని పెళ్లాన్ని అడిగాడు.

"నువ్వు గంత కుషీగుంటివి. ఎట్ల చెప్పాలె," అంది సక్కుబాయి.

ఆమె సభ జరిగిన మర్నాడే పుస్తకం తెరిచి చూసుకుందట. ఒక్కతే ఆ ఆఫీసుకి పోయి అడిగితే, బుల్లిబాబు బైండింగువాళ్ల పొరపాటు, మంచివి వస్తున్నాయని తిప్పాడట. గొడవ చేస్తే నవ్వులపాలయ్యేది నువ్వే, ఇంతమంది మెచ్చుకున్నారు కదా అన్నాడట. ఆ మెచ్చుకున్నవాళ్లలో ఒక్కరైనా చదివారేమోనని పైకొచ్చి అడిగింది. ఆ రోజు భ్రమరాంబ ఏం చెప్పిందో మనకి తెలుసు.

భ్రమరాంబ రెండు మూడు రోజులు మెట్లు దిగలేదు. దిగడానికి ముఖం కావాలి కదా. ఆ ఇంట్లో ఉన్న ఇన్నేళ్లలో సక్కుబాయి పైకి రావడమేగానీ, తను కిందికెళ్లి కూర్చున్న పాపాన పోలేదు. చివరికి ఒక మధ్యాహ్నం వెళ్లింది. సక్కుబాయి గచ్చుమీద చాట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. తలెత్తి చూసి, కూసో అక్కా అంది. భ్రమరాంబ గోడకి చేరగిలబడింది.

"చదివాను సక్కుబాయ్," అంది.

సక్కుబాయి బియ్యం ఏరడం ఆపలేదు. "ఏం మంచిగున్నది అండ్ల?"

"బర్రె రెండోసారి లేచి, మళ్లీ ఆనిస్తుంది చూడు. ఒకసారి పడ్డాక ఇంక రాదనుకున్నాను. నేనైతే అక్కడ ఆపేసేదాన్ని." తర్వాత, ఆ రోజు వాకిట్లో అన్న మాటకి క్షమించమని అడిగింది. కుళ్లు నీది కాదు, నాదే అంది. ఇప్పటికీ ఉంది అంది.

సక్కుబాయి చాట పక్కన పెట్టింది. ఆమెకీ కోపం లేకపోలేదు, బియ్యంలో రాళ్లు ఏరి విసిరేసిన తీరులోనే తెలిసింది. తన కాగితాలు పోతే పోనీ, మళ్లీ రాస్తానంది. మరి నీ ఫైలో అని అడిగింది. భ్రమరాంబ చెయ్యి తిప్పింది. పత్రికల్లో వచ్చినవి ఎక్కడైనా దొరకొచ్చు. అచ్చుకానివి పోయినట్టే. వాటి పేర్లు తప్ప, వాక్యాలు తనకే గుర్తులేవు.

"నాకు యాదికున్నయ్ గద," అంది సక్కుబాయి.

భ్రమరాంబ తెల్లబోయి చూసింది. సక్కుబాయి కాళ్లు ముడుచుకుని, ఎదురుగా ఉన్న గోడవైపు చూస్తూ మొదలుపెట్టింది. భీమవరం కాలవగట్టున బడి మానేసిన పిల్ల కథ. ఎప్పుడో వేసవిలో భ్రమరాంబ చదివి వినిపించింది. సక్కుబాయి ఒక్క మనిషిని మర్చిపోలేదు, ఒక్క మలుపు తప్పలేదు. ఆ పిల్ల తల్లి పలక అమ్మేసినచోట భ్రమరాంబ పేజీన్నర వర్ణన రాసింది. సక్కుబాయి దాన్ని ఒక్క మాటలో చెప్పేసింది, తల్లి పలకని పమిటకొంగుతో తుడిచి ఇచ్చిందని. తుడవడం తన కథలో లేదు. ఉండాల్సింది. ఎందుకు తట్టలేదు తనకి? కడుపులో మళ్లీ ఆ పెనమే కాలడం మొదలైంది. కుళ్లు ఎక్కడికీ పోలేదు, పక్కనే కూర్చుని ఉంది.

భ్రమరాంబ కిటికీలో ఉన్న నోటుబుక్కు అందుకుని, పెన్ను విప్పి, గబగబా రాయడం మొదలుపెట్టింది. చెబుతున్నది చెబుతున్నట్టే రాసుకుపోయింది. సక్కుబాయి కాసేపటికి ఆగి, మెడ చాచి కాగితంలోకి చూసింది.

"అదేందక్కా, 'గట్ల' అని రాస్తున్నవ్? 'అలా' అనాలె గద."

"నువ్వు చెప్పు, ఆపకు," అంది భ్రమరాంబ. "తుడిచి ఇచ్చింది. తర్వాత?"